మామూలు తుమ్మి

మొగ్గ ఇవాళ కూడా విచ్చుకోలేదు. రోహిణి నాపరాళ్ళ మీద బోర్లా పడుకుని, భూతద్దం కంటికి ఆనించి, మొక్క కణుపు చుట్టూ గుత్తిగా ఉన్న ఆకుపచ్చ గిన్నెల్ని ఒక్కొక్కటే చూసింది. ఒక్కో గిన్నెలోంచి నూకగింజంత తెలుపు బయటికి తొంగిచూస్తోంది. నిన్నా అంతే ఉంది, ఇవాళా అంతే ఉంది. మొక్కని తిట్టడం పరిశోధన చేసేవాళ్ళకి తగదు గానీ, రోహిణి మనసులో ఓ నాలుగు తిట్లు తిట్టుకుంది.

ఆమెది నరసరావుపేట. యూనివర్సిటీలో తులసి కుటుంబం మొక్కల మీద పరిశోధన చేస్తోంది. తులసి, పుదీనా, మరువం, తుమ్మి అన్నీ ఆ ఇంటివే. కాండం నాలుగు పలకలుగా ఉంటుంది, ఆకు నలిపితే వాసనొస్తుంది, పువ్వుకి పైపెదవీ కిందిపెదవీ ఉంటాయి. కారంపూడి అవతల ఈ గుట్ట వాలులో పెరుగుతున్నది పైకి చూస్తే తుమ్మే. వేళ్ళ మధ్య నలిపితే మాత్రం నిమ్మతొక్క గిల్లినట్టు వాసన. తుమ్మికి గిన్నె అంచు ఏటవాలుగా ఉంటే, దీనికి కత్తిరించినట్టు తిన్నగా ఉంది. పోయినేడు చలికాలంలో ఆమె కంటపడేసరికి పూలన్నీ రాలి గింజలే మిగిలాయి. ఆ తర్వాత మాచర్ల నుంచి వినుకొండ దాకా ఆమె ఎక్కని గుట్ట లేదు. ఇంకెక్కడా కనిపించలేదు. పువ్వు చూడకుండా, పువ్వున్న కొమ్మని ఎండబెట్టి దాచకుండా, ఇది లోకానికి కొత్త మొక్క అంటే నమ్మే నాథుడు ఉండడు.

కింద బాటలో మోపెడ్ ఆగిన చప్పుడైంది. కాసేపటికి రాళ్ళ మీద చెప్పుల చప్పుడు.

"ఏందమ్మాయ్, నా గుట్టకి సాష్టాంగం చేస్తన్నావా?"

రోహిణి గబుక్కున లేచి మోకాళ్ళు దులుపుకుంది. వచ్చింది వెంకట్రామయ్య. గుట్టా, గుట్ట కింద పత్తి చేనూ, చేని పక్క ఇల్లూ ఆయనవే. ఊళ్ళో ఏ ఎన్నికలొచ్చినా ఆయన అరుగు మీద కుర్చీలు పడతాయి. గుట్ట ఎక్కి మొక్కలు చూసుకోవడానికి ఈమెకి ఒప్పుకున్నది ఆయనే, అది కూడా ఆడపిల్ల ఎండలో వచ్చి నిలబడిందని. ఇప్పుడు ఆయన చూపు ఆమె మీద లేదు. మొక్కల మొదళ్ళకి కట్టిన ఎర్రగుడ్డ పీలికల మీద ఉంది.

"ఇయ్యేంది?"

"గుర్తు కోసం బాబాయ్. ఏ మొక్క ఎప్పుడు పూసిందో తెలియాలి గదా."

"నిన్ను సర్వేవోళ్ళు పంపారా, మైనింగాఫీసోళ్ళు పంపారా? లేకపోతే అవతలోళ్ళా?" ఊళ్ళో ఎదుటి పార్టీ వాళ్ళ పేరు ఆయన నోటితో పలకడు. అవతలోళ్ళు అంటాడు.

"ఎవరూ పంపలేదు. కాలేజీ పని."

"ఏం మొక్క ఇది?"

రోహిణి నోటి చివరిదాకా నిజం వచ్చింది. బస్సెక్కేటప్పుడు ఆమె పరిశోధనకి గైడు రామబ్రహ్మం గారు చెప్పిన మాట దానికి అడ్డం పడింది. "పేరు అచ్చులో పడేదాకా ఎవరి దగ్గరా నోరు విప్పకమ్మా. నేనొకసారి విప్పాను. మళ్ళీ వెళ్ళేసరికి మొక్కల్లేవు, చదును చేసిన నేల ఉంది." ఆ పెద్దాయన గొంతులో బెరుకు ఇంకా ఆమె చెవిలో ఉంది.

"మామూలు తుమ్మి బాబాయ్," అంది.

వెంకట్రామయ్య మొహం తేలికపడింది. "తుమ్మి మీద చదువా! గొడ్లు కూడా మూతి తిప్పుకునే దాని మీద మీకు స్కాలర్‌షిప్పులిచ్చి చదివిస్తందా గవర్నమెంటు!"

అబద్ధం ఆడిన బరువు దించుకోవడానికో ఏమో, రోహిణి అడక్కుండానే ఒక నిజం చెప్పింది. "తుమ్మి ఒక్కటే కాదు బాబాయ్. తులసి, పుదీనా, వావిలి అన్నీ ఒకటే కుటుంబం. మీ గట్టు మీద టేకు చెట్లున్నయ్యే, అవి కూడా."

ఆయన గుట్ట దద్దరిల్లేలా నవ్వాడు. కండువాతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. "టేకుకీ పుదీనాకీ చుట్టరికమా? ఓర్నాయనో! ఇంకాసేపుంటే నాకూ నా మోపెడ్డుకీ కూడా వరస కలిపేట్టున్నావే!"

నిజం చెబితే నవ్వాడు, అబద్ధం చెబితే నమ్మాడు. రోహిణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నవ్వయ్యాక ఆయన గొంతు మామూలుకొచ్చింది. "సరే, ఆ పీలికలు మాత్రం తీసెయ్. రాయి తీసే ఖలందరు చూశాడంటే గుట్ట మీద ఏదో తగాదా ఉందనుకుని ఎనక్కి పోతాడు. పండగ మర్నాడు తవ్వే మిషను, ప్రొక్లెయిన్ దించుతన్నాడు."

"పండగ మర్నాడా?"

"చవితి ఎల్లుండి. ఆ మర్నాడు. పైపొర తీస్తే కింద మంచి నాపరాయి ఉందంట. తియ్యి తియ్యి, నేను నిలబడే ఉంటా."

చెట్టంత మనిషి అయిన ఆయన నీడలో కూర్చుని రోహిణి ఒక్కొక్క ముడే విప్పింది. వానకి తడిసి ఎండకి బిగిసిన ముళ్ళు గోటికి లొంగలేదు. కొన్నిటిని పంటితో లాగాల్సి వచ్చింది. చివరి పీలిక సంచిలో వేసేసరికి ఆ మొక్కలకీ చుట్టూ ఉన్న గడ్డికీ తేడా తెలియకుండా పోయింది.

*

మర్నాడు గుట్టెక్కబోతుంటే చేని పక్క ఇంటి అరుగు మీంచి పిలుపొచ్చింది. వెంకట్రామయ్య భార్య నాగేంద్రమ్మ పాలవెల్లికి పసుపు రాస్తోంది. చవితినాడు వినాయకుడి నెత్తిన వేలాడదీసే చెక్క చట్రం అది. ఏడాదంతా అటక మీదుండి బూజు పట్టిన దాన్ని కడిగి ఆరబెట్టి, మూలమూలకీ వేలు దూర్చి మరీ రాస్తోంది.

"తుమ్మి కోసమొచ్చావంటగా? మీ బాబాయి చెప్పి ఒకటే నవ్వు. కూచో, మజ్జిగ తాగు."

రోహిణి కూర్చుంది. మజ్జిగ గ్లాసు చేతికిచ్చి నాగేంద్రమ్మ పసుపు చేతుల్తోనే ఎదురుగా బాసింపట్టు వేసింది.

"మాది నదవతల, దామరచర్ల. మా తల్లిగారింట చవితంటే తుమ్మికూరే. ఉండ్రాళ్ళు లేకపోయినా పండగవుద్ది గానీ తుమ్మికూర లేకపోతే అవదు. ఈడోళ్ళకి తెలవదు. కాపురానికొచ్చిన ఏడే వండానా, మా కోడలు గొడ్లాకు వండిందని మా అత్త బావికాడ అందరికీ చెప్పింది. ఆ ఏడంతా బావికాడికి పోవాలంటే నాకు సిగ్గయ్యేది."

"మరి మానేశారా పిన్నీ?"

"ఎందుకు మానతా? మా అత్త పోయిందాకా పోరాడా. ఆమె పోయినాక పోరు లేదు, తినేవోళ్ళూ లేరు. మీ బాబాయి మొహం చిట్లించుకుంటానే ఒక ముద్ద తింటాడు." ఆమె నవ్వింది. నవ్వుతూనే పాలవెల్లి మూల మీద వేలు ఆపి, రోహిణి కళ్ళలోకి సూటిగా చూసింది. "అమ్మాయ్, నిజం చెప్పు. నువ్వు ఎతికేది తుమ్మేనా? ఇన్నాళ్ళ బట్టి ఎండలో అట్టా పడి చూస్తన్నావంటే, ఏదన్నా మందు మొక్కేమో అనుకుంటన్నా."

రోహిణి గ్లాసు కింద పెట్టింది. ఈమెకి చెప్పొచ్చు. చెబితే సాయంత్రానికి భర్తకి తెలుస్తుంది, ఆయనకి తెలిస్తే ఖలందరుకి తెలుస్తుంది. పండగ మర్నాడు రావాల్సిన మిషను ఇవాళే వస్తుంది. రామబ్రహ్మం గారి చదును చేసిన నేల ఆమె కళ్ళ ముందు కనపడింది.

"మామూలు తుమ్మే పిన్నీ," అంది. రెండోసారి ఆడే అబద్ధం తేలిగ్గా వస్తుందంటారు గానీ, రోహిణికి మొదటిదానికంటే కష్టంగానే వచ్చింది.

నాగేంద్రమ్మ మొహం విప్పారింది. "అయితే రేపు పండక్కి ఇక్కడికే రా. తుమ్మి విలువ తెలిసిన మనిషి ఇన్నేళ్ళకి ఒకతె దొరికింది. నీ పేరు చెప్పి చేతినిండా వండుతా."

రోహిణి తల ఊపింది. తుమ్మి చేల గట్ల మీద కావలసినంత ఉంది. ఈవిడ కూడా అక్కడే కోసుకుంటుందని అనుకుంది, అడగలేదు. అడిగితే అనుమానం వస్తుందనే భయం ఒకటి. ఆ ఒక్క ప్రశ్న అడక్కపోవడమే కొంప ముంచింది.

గుట్ట మీద నూకగింజలు బియ్యపుగింజలయ్యాయి. రేపు పొద్దునకి విచ్చుకుంటాయి, అనుమానం లేదు. ఫోను చేస్తే రామబ్రహ్మం గారు ఆనందం పట్టలేక దగ్గారు. "ఇవి పొద్దున విచ్చి మధ్యాహ్నానికి రాలిపోయే జాతమ్మా. ఆలస్యం చెయ్యకు. పూలు కొన్ని స్పిరిట్ సీసాలో వెయ్యి, పూలున్న కొమ్మ వేరుతో సహా ప్రెస్‌లో పెట్టు. ఎవరికీ చెప్పలేదు గదా?"

"లేదు సార్."

"మంచి పని చేశావు."

*

పండగ పొద్దున కారంపూడి సెంటర్లో పత్రి అమ్మేవాళ్ళు తప్ప ఆటో ఒక్కటి లేదు. బస్సు వచ్చే సూచన లేదు. చివరికి పక్క ఊరి పందిట్లోకి వినాయకుణ్ణి తీసుకెళ్తున్న ట్రాక్టరులో చోటు దొరికింది, విగ్రహం ఊగకుండా పట్టుకోవాలనే షరతు మీద. ఒక చేత్తో స్వామి తొండం, ఇంకో చేత్తో మొక్కల్ని అదిమి ఎండబెట్టే తన అట్టల ప్రెస్సూ పట్టుకుని రోహిణి ట్రక్కులో కూర్చుంది. ట్రాక్టరు ప్రతి గుంత దగ్గరా ఆగి, దణ్ణం పెట్టుకుని మరీ దిగినట్టు నడిచింది. ఎండ ఎక్కుతోంది. ఆమె గుండె ట్రాక్టరు కంటే ముందు పరుగెత్తుతోంది.

గుట్ట వాలు చేరేసరికి ముందు వాసన తగిలింది. నలిపిన నిమ్మ వాసన, గాలి నిండా. ఎవరూ నలపందే అంత వాసన రాదు.

కొసలన్నీ గిల్లేసి ఉన్నాయి. మొక్క మొక్కకీ పైభాగం లేదు. గిల్లిన చోట పసరు ఇంకా తడిగా ఉంది. రెండు మూడు చోట్ల మొక్క మొక్కే లేదు, వేరు ఊడివచ్చిన గుంట ఉంది. రోహిణి మోకాళ్ళ మీద పాకుతూ వాలంతా వెతికింది. ఒక్క పువ్వు లేదు, ఒక్క మొగ్గ మిగల్లేదు. పీలికలుంటే ఎవరైనా ఆగేవాళ్ళు కదా అనుకుంది. పీలికలు ఆమె సంచిలోనే ఉన్నాయి.

అప్పుడు నాగేంద్రమ్మ మాట తట్టింది. నీ పేరు చెప్పి చేతినిండా వండుతా.

చేనుకడ్డం పడి పరుగెత్తింది. గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి వంటింట్లోంచి తాలింపు వాసన, దాని వెనకే నిమ్మ వాసన.

"వచ్చావా రోహిణమ్మా! కాళ్ళు కడుక్కో, కథ మొదలెడతన్నారు," నాగేంద్రమ్మ పట్టుచీరలో ఎదురొచ్చి ఆమె చేతిలో అక్షతలు పెట్టింది. "కూరయిపోయింది. తుమ్మి ఎంత లేతగా ఉందో!"

"ఎక్కడ కోశారు పిన్నీ?"

"గుట్ట మీదేగా. గట్ల మీద గడ్డిమందు కొడతారు, తినే ఆకు ఆడ కోస్తారా ఎవరన్నా?"

పీటల మీద వెంకట్రామయ్య పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. ఆయన ఎదుట మట్టి వినాయకుడు, ఉండ్రాళ్ళ పళ్ళెం, దీపం. స్వామి నెత్తిన పాలవెల్లి. మొక్కజొన్న కండెలు, వెలక్కాయ, మామిడి రెమ్మలు. వాటి మధ్య ఎర్రదారంతో కట్టి, మట్టి కడిగిన వేళ్ళతో సహా రెండు మొక్కలు తలకిందులుగా వేలాడుతున్నాయి. కణుపు కణుపుకీ పూలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి.

ఏడాదిగా ఎదురుచూసిన పువ్వుని రోహిణి మొట్టమొదటిసారి అక్కడ చూసింది. పైపెదవి మీద దూదిలాంటి నూగు. కిందిపెదవి వెడల్పుగా జారి ఉంది, దాని మీద సన్నటి ఊదారంగు గీత. ఏ తుమ్మికీ ఆ గీత ఉండదు. ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాగేంద్రమ్మ భక్తి అనుకుని మెచ్చుకోలుగా చూసింది.

కథ మొదలైంది. వ్రతం మధ్యలో లేవకూడదు, మాట్లాడకూడదు. వెంకట్రామయ్య ఎన్నికల ఉపన్యాసమంత తాపీగా, మాట మాట విడదీసి చదువుతున్నాడు. శమంతకమణి కథ దగ్గరికి వచ్చేసరికి ఒక పువ్వు ఊడి స్వామి బొజ్జ మీద పడింది. కాసేపటికి ఇంకొకటి ఉండ్రాళ్ళ మీద పడింది. రోహిణి అక్షతలు పట్టుకున్న గుప్పిట బిగించింది. సంచిలో సీసా ఉంది, కానీ పూజగదిలో స్పిరిట్ సీసా మూత తీస్తే సారాయి కొట్టు వాసనొస్తుంది. ఇంకో పువ్వు రాలింది. కృష్ణుడి మీద నింద పడింది, పోయింది, మణి దొరికింది. ఆయన మాత్రం పుస్తకం మూయలేదు. మంగళహారతి పాట మొత్తం పాడాడు. అక్షతలు అందరి నెత్తినా పడ్డాక, ఉక్కగా ఉందంటూ లేచి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ గోడ మీద స్విచ్చు వైపు చెయ్యి చాచాడు.

పాలవెల్లికి సరిగ్గా పక్కన పంకా ఉంది.

"ఫ్యానెయ్యొద్దు!"

ఆ అరుపుకి ఆయన చెయ్యి గాల్లో ఆగింది. నాగేంద్రమ్మ చేతిలో గంట టంగుమంది.

"ఏందమ్మా?"

"పూలు రాలిపోతయ్ బాబాయ్. ఆ పాలవెల్లికి కట్టినవి. నాకవి కావాలి, ఇప్పుడే కావాలి." ఇంక దాచి ఏం లాభం లేదు. "అది మామూలు తుమ్మి కాదు. మీకు అబద్ధం చెప్పాను. ఇంతవరకూ ఎవరూ రాయని మొక్క. మీ గుట్ట మీద తప్ప నాకింకెక్కడా కనపడలా."

వెంకట్రామయ్య నెమ్మదిగా చెయ్యి దించాడు. "అంటే, నా గుట్ట మీద కూచుని నాకే అబద్ధం చెప్పావు."

"చెప్పాను."

"నా ఇంట్లోకొచ్చి, నా పీట మీద కూచుని, నా స్వామి ముందు." ఆయన మొహం కందగడ్డయింది. "ఇప్పుడు ఇది ఊరేగిచ్చి, రాయి తియ్యకుండా ఆపుతావు. అంతేగా?"

"ఆపుతారో ఆపరో నాకు తెలియదు బాబాయ్. నా చేతిలో లేదు. నేను రాయగలిగింది మొక్క సంగతే. అది రాయకుండా మాత్రం ఉండలేను."

"అయ్యో, నేనే గదంటయ్యా కోసింది," నాగేంద్రమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మొదటిరోజే ఒక్కమాట చెప్తే కోసేదాన్నా అమ్మాయ్? నేనడిగా గదా. నీ కళ్ళల్లోకి చూసి అడిగా."

రోహిణి తల దించుకుంది. "మీ తప్పు లేదు పిన్నీ. తుమ్మే అన్నది నేనే."

"ఎవరి తప్పయినా సరే," వెంకట్రామయ్య తువ్వాలు భుజాన విసిరాడు. "పూజలో కట్టింది పూజలో ఉంటది. రేపు ఉద్వాసన చెప్పందే పాలవెల్లి మీద చెయ్యి పడటానికి లేదు. నా ఇంట్లో అది జరగదు."

పువ్వు ఇంకొకటి రాలింది. ముగ్గురూ చూశారు.

నాగేంద్రమ్మ గంట కింద పెట్టింది. చెంబులో నీళ్ళతో చేతులు కడుక్కుని పీటల ముందు కూర్చుంది. పళ్ళెంలో మిగిలిన అక్షతలు తీసి స్వామి పాదాల మీద వేసింది. తర్వాత రెండు చేతులతో విగ్రహం పీట పట్టుకుని, ఉత్తరంగా బెత్తెడంత జరిపింది.

"పోయిరా సామీ," అంది. "మళ్ళీ ఏడు రా."

ఉద్వాసన అంటే అంతే. స్వామి కదిలాడంటే పూజ అయిపోయినట్టు. వెంకట్రామయ్య ఒక్క అడుగు ముందుకేశాడు. "ఏమే! మతుండే చేశావా? సాయంత్రం హారతి కూడా కాందే..."

"ఈ పిల్ల అబద్ధమాడింది. నేను తెలవక తుంచుకొచ్చా. ఇద్దరి తప్పూ నెత్తిన ఏలాడతంటే సాయంత్రం దాకా ఎట్టా కూచుంటాడయ్యా ఆయన?" ఆమె పట్టుచీర కొంగు దోపుకుని ముక్కాలిపీట ఎక్కింది. పళ్ళతో దారం కొరికి, మొక్కలు రెండింటినీ పసిబిడ్డని దించినట్టు రెండు అరచేతుల్లో దించింది. "పట్టుకో. రాలిపోక ముందే నీ పని చేసుకో."

రోహిణి అరుగు మీద కూర్చుంది. సీసాలో పూలు వేసింది. న్యూస్‌పేపరు పరిచి, మొక్కని తలకిందుల నుంచి సరిచేసి, ఆకు ఒకటి వెల్లకిలా ఒకటి బోర్లా తిప్పి, పువ్వు పెదవులు నలగకుండా పక్కకి వాల్చింది. కాండానికి ఎర్రదారం ముడి ఇంకా ఉంది. విప్పడానికి వేలు పెట్టి మళ్ళీ తీసేసింది. పైన ఇంకో పేపరు పరిచి, అట్టలు బిగించి, బెల్టులు లాగింది.

ఫోనులో రామబ్రహ్మం గారికి ఒకటే మాట చెప్పింది. "వాళ్ళకి చెప్పేశాను సార్." ఆయన "పువ్వు దొరికిందా?" అన్నారు. దొరికిందంది.

*

భోజనానికి కూర్చోనని రోహిణి అంటే నాగేంద్రమ్మ ఒప్పుకోలేదు. పండగపూట ఇంటికొచ్చిన మనిషి తినకుండా పోతే తన చేతివంటకి అవమానమంది. ముగ్గురికీ విస్తళ్ళు పడ్డాయి. వెంకట్రామయ్య రోహిణి వైపు చూడలేదు.

కూర వడ్డించింది. చింతపండు పులుసులో నల్లగా ఉడికిన ఆకు. రోహిణి దానికేసి చూస్తూ కూర్చుంది. తాను పేరు పెట్టబోయే మొక్క, ఇంకెక్కడా దొరకని మొక్క, ఆవాల తాలింపుతో విస్తట్లో ఉంది. తినకపోతే ఆవిడ బాధపడుతుంది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. చేదు ముందొచ్చింది, వెనక ఎక్కడో నిమ్మ.

"ఇది మామూలు తుమ్మి రుచేనా పిన్నీ?" అనుకోకుండా అడిగింది.

"మా తల్లిగారింట ఇంత వాసన ఉండదు. ఇది ఈ గుట్ట రుచి. నేనొచ్చిన కాణ్ణించి ఇదే."

వెంకట్రామయ్య ముద్ద మధ్యలో ఆపాడు. "ఆగాగు. లోకంలో యాడా లేదంటివి గదమ్మా. మేం ఏటా తింటన్నాం గదా దీన్ని!"

"ఏటా తింటన్నాం," అంది నాగేంద్రమ్మ. గరిటె గిన్నెలో పెట్టి, భర్త విస్తరి ముందు నిలబడింది. "నేనొకటడుగుతా, చెప్పు. రేపు మిషనొచ్చి గుట్ట తీసేస్తే, వచ్చే చవితికి నేను తుమ్మి యాడ కోసుకురావాల?"

ఆయన తలెత్తి చూశాడు.

"మీ అమ్మ బావికాడ నవ్విచ్చినా నేను మానలా," ఆమె గొంతు పెంచలేదు. "నా పుట్టింటిది ఈ ఇంట్లో ఏముంది? ఈ ఒక్క కూర ఉంది. మిషను మాట ఊరందరికీ చెప్పావు గానీ, నాకో మాట చెప్పావా?"

వెంకట్రామయ్య విస్తరి మడిచి లేచాడు. పెరట్లో చెయ్యి కడుక్కుంటూ ఫోనులో మాట్లాడటం వినపడింది. "ఒరేయ్ ఖలందరూ, రేపు పొద్దున్నే మిషను తీసుకొచ్చెయ్. ఆ, గుట్టకాడికే. నేనుంటా."

రోహిణి చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేసింది. నాగేంద్రమ్మ గరిటె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

*

తెల్లారి రోహిణి గుట్ట దగ్గరికి వెళ్ళింది. ఎందుకంటే ఆమే చెప్పలేకపోయేది. అబద్ధం చెప్పి మొదలుపెట్టిన పని ముగింపు చూడకుండా పారిపోతే ఇంకా సిగ్గనిపించింది.

పసుపుపచ్చ ప్రొక్లెయిన్ బాట మీద ఇంజను ఆన్ చేసి నిలబడి ఉంది. ఖలందరు దాని పక్కన టీ తాగుతున్నాడు. వెంకట్రామయ్య వాలులో, గిల్లిన మొక్కల మధ్య పంచె ఎగ్గట్టి నిలబడ్డాడు. ఆమెని చూసి పలకరించలేదు.

"నీ పీలికలేయి?" అన్నాడు.

"ఏంటి బాబాయ్?"

"ఎర్ర పీలికలు. తీయించా గదా. కట్టు. ఆ మొక్క యాడ నుంచి యాడ దాకా ఉందో నాకు కనపడాల. మిగిలింది ఖలందరు తవ్వుకుంటాడు."

రోహిణి సంచి విప్పింది. వాలు పైనుంచి మొదలుపెట్టి, చివరి మొక్కలు వెతుక్కుంటూ ఒక్కొక్కదానికీ కట్టుకుంటూ కిందికి వచ్చింది. ఆయన వెనకే నడిచాడు, పీలిక పీలికకీ ఆగి చూశాడు. ఒక పెద్ద రాయి దగ్గర ఆ మొక్కలు అయిపోయాయి. చేతిలో పీలికలు ఇంకా మిగిలాయి. అవతల కూడా తెల్లగా పూసిన తుమ్మి ఉంది, గుట్ట మొగదల దాకా ఉంది. అక్కడ కూడా కడితే ఆయనకి తేడా తెలియదు. గుట్టంతా మిగులుతుంది. రోహిణి రెండడుగులు వేసింది, వంగింది, పీలిక ఆ మొక్క మెడకి చుట్టింది కూడా.

ఆకు నలిపింది. నిమ్మ వాసన లేదు.

పీలిక వెనక్కి తీసింది. "ఇది మామూలు తుమ్మి బాబాయ్. మనది ఇందాకటి రాయి దాకానే."

"ఇంతేనా?"

"ఇంతే. అవతల ఒక్కటి కూడా లేదు."

"గుట్టంతా అడుగుతావనుకున్నా," అన్నాడాయన. ఇంజను చప్పుడులో ఆ మాట మెత్తగా వినపడింది. ఆమె మొహం కేసి కాసేపు చూసి, చేతిలో మిగిలిన పీలికలు లాక్కున్నాడు. ఆమె ఆగిన రాయి దాటి, మామూలు తుమ్మి దాటి, ఇంకా ఇరవై ముప్పై అడుగులు నడిచి ఒక కంపచెట్టుకి ముడివేశాడు. మోటు చేతులకి ముడి రెండుసార్లు జారింది.

"అక్కడ మొక్క లేదు బాబాయ్," రోహిణి కేకేసింది.

"లేదని తెలుసు. మిషను దుమ్ము పడితే పూలు నిలుస్తయ్యా?" అని, బాట వైపు తిరిగి చెయ్యెత్తాడు. "ఖలందరూ! ఈ గుడ్డ నుంచి అటే నీది! ఇటు ఇనుము ఆనిందా, నీకూ నాకూ చెడిద్ది!"

ప్రొక్లెయిన్ కదిలి గుట్ట అవతలి వైపుకి మళ్ళింది. వెంకట్రామయ్య చేతులు దులుపుకుంటూ ఆమె పక్కకొచ్చి నిలబడ్డాడు. కింద తన గట్టు మీద వరసగా ఉన్న టేకు చెట్ల వైపు చాలాసేపు చూశాడు.

"అమ్మాయ్," అన్నాడు చివరికి, "అయితే ఆ టేకు మాట కూడా నిజమేనా?"